ఎలక్ట్రోలైట్‌లో బరువు నడిపే ప్రవాహం, కరెంటు నడిపే ప్రవాహం: తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో ఒక ఎలక్ట్రోకెమిస్ట్రీ ల్యాబులో నా పని. కరెంటు పంపితే ఎలక్ట్రోలైట్, అంటే అయాన్లతో కరెంటు మోసే ద్రావణం, ఎందుకు ఎలా కదులుతుందన్న ప్రశ్నలు నాకు మూడు వైపుల నుంచి వస్తుంటాయి. ఇక్కడ పీహెచ్‌డీ, ప్రాజెక్టులు చేస్తున్న మన తెలుగు పిల్లలు అడుగుతారు. పీణ్యా ఇండస్ట్రియల్ ఏరియాలో ప్లేటింగ్ షాపు నడిపే మా బాబాయి అడుగుతాడు. మారతహళ్లిలో మా అపార్ట్‌మెంటు వాళ్ళు ఇన్వర్టర్ బ్యాటరీ మొరాయించినప్పుడల్లా తలుపు తడతారు. అందరినీ నేను ముందు అడిగేది ఒకటే: బరువైన ద్రావణం, తేలికైన ద్రావణం, వీటిలో ఏది పైనుంది, ఏది కిందుంది? దీనికి జవాబు దొరికితే చాలాసార్లు సగం సమస్య విడిపోతుంది.

నిశ్చలంగా ఉన్న ద్రావణం కరెంటు పంపగానే ఎందుకు కదులుతుంది?

మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కలిపిన నీటిలో రెండు రాగి ముక్కలు పెట్టి కరెంటు పంపామనుకోండి. ఆనోడు, అంటే ధన ధ్రువానికి కలిపిన ముక్క దగ్గర రాగి కరిగి నీటిలోకి వస్తుంది. కాథోడు, అంటే రుణ ధ్రువానికి కలిపిన ముక్క దగ్గర నీటిలోని రాగి లోహంగా పేరుకుంటుంది. అంటే ఆనోడు పక్కన ద్రావణం చిక్కబడుతుంది, కాథోడు పక్కన పలచబడుతుంది. చిక్కటిది బరువు, పలచటిది తేలిక. పానకంలో బెల్లం సరిగ్గా కలపకపోతే అడుగుకు చేరుతుంది కదా, ఇదీ అంతే. బరువైనది దిగుతుంది, తేలికైనది లేస్తుంది. కరెంటు చేసిందల్లా సాంద్రతలో తేడా తేవడం. ఆ తర్వాత నీటిని నడిపేది గురుత్వాకర్షణ.

లీటరు నీటిలో రెండున్నర గ్రాముల మైలుతుత్తం వేస్తే లీటరు బరువు సుమారు 1.6 గ్రాములు పెరుగుతుంది. వెయ్యి గ్రాముల్లో ఒకటిన్నర గ్రాము ఏపాటి అనిపిస్తుంది. కానీ దానికి ఎదురు నిలిచేవి నీటి స్నిగ్ధత (జిగట), అయాన్ల వ్యాపనం (ఆవేశమున్న ఆ కణాలు వాటంతట అవే పరుచుకోవడం) మాత్రమే. ఆ వ్యాపనం ఎంత నెమ్మదంటే, ఒక మిల్లీమీటరు దాటడానికి పావుగంట పైన పడుతుంది, ఒక సెంటీమీటరుకు ఒక రోజు దాటుతుంది. ఇంత బద్ధకస్తుడు పోటీలో ఉన్నప్పుడు ఒకటిన్నర గ్రాము చాలా ఎక్కువే.

మరి కరెంటు నేరుగా నీటిని తోయలేదా?

తోస్తుంది, అన్నిచోట్లా కాదు. మామూలు ద్రావణంలో ధన అయాన్లు, రుణ అయాన్లు సమానంగా ఉంటాయి. విద్యుత్ క్షేత్రం ఒకదాన్ని ఇటు, ఇంకోదాన్ని అటు లాగుతుంది. బండికి ముందో ఎద్దును, వెనకో ఎద్దును కట్టి ఎదురెదురుగా తోలితే బండి ఉన్నచోటే ఉంటుంది. నీటి పరిస్థితీ అదే. నీరు కదలాలంటే ఒక ఎద్దు బలహీనపడాలి, అంటే ఏదో ఒక జాతి అయాన్లు ఎక్కువగా ఉండాలి.

అలాంటి చోటు గోడ పక్కనే ఉంటుంది. గాజు గోడ నీటిలో రుణావేశం పొందుతుంది, దాన్ని అంటిపెట్టుకుని ధన అయాన్ల పలుచటి పొర ఏర్పడుతుంది. మందం కొన్ని నానోమీటర్లే. గోడ వెంబడి క్షేత్రం పెడితే ఆ పొర జారుతూ మొత్తం నీటిని వెంట తీసుకుపోతుంది. దీన్నే ఎలక్ట్రోఆస్మోసిస్ అంటారు. 1809లో మాస్కోలో రాయిస్ అనే శాస్త్రవేత్త తడి బంకమట్టిలో దీన్ని గమనించాడు. సెంటీమీటరుకు ఒక వోల్టు పెడితే వేగం సెకనుకు మూడు నాలుగు మైక్రాన్లు ఉంటుంది, అంటే నిమిషానికి ఓ పావు మిల్లీమీటరు కంటే కొంచెం తక్కువ.

రెండో రకం ఇంకా ఆసక్తికరం. కాథోడు పక్కన గానీ, ఒకే రకం అయాన్లను పోనిచ్చే పొర పక్కన గానీ ఉప్పు పూర్తిగా ఖాళీ అయితే, అక్కడ ఒకే ఆవేశపు అయాన్లు మిగిలిన ఒక పట్టీ తయారవుతుంది. ఆ పట్టీ మీద సుమారు అర వోల్టు పైన పడ్డాక అది నిలకడగా ఉండలేదు. చిన్నచిన్న సుడులుగా విడిపోతుంది. దీన్ని ఎలక్ట్రోకన్వెక్షన్ అంటారు. ఈ అస్థిరత సిద్ధాంతాన్ని 2000లో రూబిన్‌స్టీన్, జాల్ట్స్‌మన్ ప్రతిపాదించారు.

గురుత్వం, కరెంటు రెండూ ఒకే సెల్లులో ఉంటే ఏది గెలుస్తుంది?

సెల్, అంటే ఎలక్ట్రోడులు, ద్రావణం ఉన్న పాత్ర, ఎంత మందం, ద్రావణం ఎంత చిక్కన అన్నదాన్ని బట్టి ఉంటుంది. గురుత్వం బలాన్ని రేలీ సంఖ్యతో కొలుస్తారు. అది గాఢతకు అనులోమంగా, మందానికి ఘనంగా పెరుగుతుంది. లీటరుకు రెండున్నర గ్రాముల మైలుతుత్తం, ఒక మిల్లీమీటరు మందం తీసుకుంటే సుమారు 20 వేలు వస్తుంది. మందాన్ని పదో వంతు చేస్తే, అంటే వంద మైక్రాన్లకు తగ్గిస్తే, వెయ్యి రెట్లు పడిపోయి 20కి చేరుతుంది. బరువైన ద్రావణం పైన, తేలికైనది కింద ఉన్నప్పుడు ప్రవాహం మొదలయ్యే గీత, అంచుల దగ్గరి పరిస్థితిని బట్టి, సుమారు 700 నుంచి 1,700 మధ్య ఉంటుంది. కాబట్టి మొదటి సెల్లులో గురుత్వం రాజ్యం చేస్తుంది, రెండో దానిలో దాని ఊసే ఉండదు.

కరెంటు నడిపే ప్రవాహం లెక్క వేరు. దాని బలాన్ని వ్యాపనంతో పోల్చి చూస్తే మందం, గాఢత రెండూ దాదాపు కొట్టుకుపోతాయి, మిగిలేది వోల్టేజీ. సెల్‌ను పలుచన చేసినా, ద్రావణాన్ని నీళ్ళలా చేసినా దానికి పెద్ద బాధ లేదు. అందుకే పలుచని సెల్, పలుచని ద్రావణం కరెంటు వైపు మొగ్గుతాయి. మందపు సెల్, చిక్కని ద్రావణం గురుత్వం వైపు మొగ్గుతాయి. మధ్యలో, అంటే ఒక మిల్లీమీటరు దరిదాపు మందం, లీటరుకు పావు గ్రాము నుంచి ఒక గ్రాము వరకు ఉప్పు ఉన్నచోట, రెండూ కలబడతాయి. ల్యాబుల్లో చాలామంది సరిగ్గా ఇక్కడే సెల్ కడతారు. చేతితో పట్టుకోవడానికి, మైక్రోస్కోప్ కింద పెట్టడానికి అదే అనువైన సైజు కదా!

సెల్‌ను తలకిందులు చేస్తే నిజంగా అంత తేడా వస్తుందా?

వస్తుంది. దీని గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే నేను దెబ్బ తిన్నది ఇక్కడే.

ఎలక్ట్రోడులు ఒకదాని మీద ఒకటి అడ్డంగా ఉన్నాయనుకోండి. కాథోడు పైన, ఆనోడు కింద ఉంటే, పలచబడే ద్రావణం పైన, చిక్కబడేది కింద. ఎవరి చోట వాళ్ళు ఉన్నారు, కదలాల్సిన పని లేదు. కాథోడును కింద పెడితే తేలిక ద్రావణం అడుగున పుడుతుంది, బరువైనది నెత్తిన పుడుతుంది. కాసేపటికి అడుగు నుంచి పలుచటి ధారలు లేస్తాయి, పైనుంచి ముదురు నీలం ధారలు దిగుతాయి.

మొదటి సంవత్సరంలో నేను ఒక సెల్లులో కొలతలు తీశాను. లిమిటింగ్ కరెంటు, అంటే వ్యాపనం ఒక్కటే మోయగల గరిష్ఠ కరెంటు, దాటి కరెంటు పెరుగుతోంది. మైక్రోస్కోప్‌లో సుడులు. ఎలక్ట్రోకన్వెక్షన్ పట్టేశానని మూడు వారాలు గంతులేశాను. ఒకరోజు మైక్రోస్కోప్ ఖాళీ లేక పక్కనున్న ఇంకోదాని కింద పెట్టాల్సి వచ్చింది. అందులో లెన్సు కింద ఉంటుంది కాబట్టి సెల్‌ను తిప్పి బిగించాను. అంతే, అదే వోల్టేజీకి సుడులు మాయం, కరెంటు బల్లపరుపు. నేను మూడు వారాలు చూసింది గురుత్వం ఆటేనన్నమాట. గైడ్ ఏమీ అనలేదు, నవ్వి టీ తాగడానికి తీసుకెళ్ళారు. అదే ఇంకా ఎక్కువ బాధ.

లిమిటింగ్ కరెంటు దాటిందంటే ఎలక్ట్రోకన్వెక్షన్ ఉన్నట్టే కదా?

కాదు. పై కథలో నేను చేసిన పొరపాటు ఇదే. వ్యాపనం ఒక్కటే సరుకు మోస్తుంటే కాథోడు దగ్గర ఉప్పు సున్నాకు చేరగానే కరెంటు పెరగడం ఆగిపోవాలి. వోల్టేజీ ఎంత పెంచినా గ్రాఫులో గీత అడ్డంగా సాగాలి. ఎవరో ఒకరు నీటిని కలిపితేనే మళ్ళీ పెరుగుతుంది. ఆ కలిపేది గురుత్వం కావచ్చు, కరెంటు కావచ్చు, హైడ్రోజన్ బుడగలు కావచ్చు. గీత ఒక్కటే చూసి ఎవరని చెప్పలేం.

గురుత్వం ముందే కలిపేస్తుంటే కాథోడు పక్కన ఉప్పు ఖాళీ అయిన పొర పలుచగా మిగులుతుంది, అసలు సున్నా దాకా పోవడమే ఆలస్యమవుతుంది. అప్పుడు విద్యుత్ సుడులు మొదలు కావాల్సిన రంగస్థలమే సిద్ధం కాదు. కరెంటు పెరగడం తక్కువ వోల్టేజీ దగ్గరే మొదలవుతుంది, ఆ పెరుగుదలకు కారణం గురుత్వం.

గురుత్వం నిలకడ వైపు ఉంటే కథ తిరగబడుతుంది. విద్యుత్ సుడి పైకి ఎదగాలంటే బరువైన ద్రావణాన్ని తేలిక పొరలోకి లాగాలి, తేలికైనదాన్ని బరువైన పొరలోకి నెట్టాలి. ప్రతి మిల్లీమీటరుకూ కూలి కట్టాల్సిందే. అందుకే సుడులు కాథోడును అంటిపెట్టుకుని పొట్టిగా ఉండిపోతాయి, కరెంటు కూడా తగ్గుతుంది. వోల్టేజీ పెంచుతూపోతే మెల్లగా ఆ బరువును గెలిచి పైకి చొచ్చుకుపోతాయి. మిల్లీమీటరు కంటే చిన్న కొలతల్లో కూడా గురుత్వం ఎలక్ట్రోకన్వెక్షన్‌ను ఇలా పెంచగలదని, అణచగలదని 2016లో ప్రచురించిన కంప్యూటర్ సిమ్యులేషన్లు చూపించాయి. అంతకుముందు చాలా లెక్కల్లో గురుత్వాన్ని పక్కన పెట్టేసేవారు. చిన్న సెల్లులో బరువేం చేస్తుందిలే అన్న ధీమా.

ఎలక్ట్రోడులు నిలువుగా, పక్కపక్కన ఉంటే?

అప్పుడు ఆ రేలీ సంఖ్య గీత దాటడం అన్న మాటే లేదు. కరెంటు ఎంత తక్కువైనా ప్రవాహం ఉంటుంది. కాథోడు వెంబడి నీరు లేస్తుంది, ఆనోడు వెంబడి దిగుతుంది. కొంతసేపటికి అడుగున చిక్కటి పొర, పైన తేట పేరుకుంటాయి. రెండు గాజు పలకల మధ్య బల్ల మీద పడుకోబెట్టిన పలుచటి సెల్లులో కూడా ఇది జరుగుతుంది. అడ్డంగా పెట్టాం కదా, గురుత్వం పనిచేయదు అనుకుంటారు. పలకల మధ్య పావు మిల్లీమీటరు సందు చాలు, చిక్కటి ద్రావణం అడుగున నాలుకలా పాకుతుంది.

బాబూ, మా ట్యాంకులో జాబ్ పైభాగం కాలినట్టు వస్తోంది, కింద బాగానే ఉంది. ఇది కూడా అదేనా?

బాబాయి ప్రశ్న ఇది, జాబ్ అంటే ప్లేటింగ్ చేసే వస్తువు. అవును బాబాయ్, కొంతవరకు అదే. కదపని ట్యాంకులో నిలువు జాబ్ వెంబడి పలచబడ్డ ద్రావణం కింది నుంచి పైకి లేస్తుంది. కింద తాజా ద్రావణం తగులుతుంది కాబట్టి ఆ పొర సన్నగా మొదలై, పైకి పోయేకొద్దీ మందమవుతుంది. పైభాగానికి వచ్చేది అప్పటికే రాగి పోగొట్టుకున్న నీరు. అక్కడే ముందు బర్నింగ్ వస్తుంది. అంచుల దగ్గర, మూలల దగ్గర కరెంటు ఎక్కువ గుమికూడడం మరో కారణం, దాన్ని మర్చిపోవద్దు. జాబ్‌ను వేలాడదీసే హ్యాంగర్ ఎలా కట్టారో కూడా చూసుకోండి.

ప్లేటింగ్ ట్యాంకులో ఎలక్ట్రోకన్వెక్షన్ గురించి మాత్రం టెన్షన్ అక్కర్లేదు. బాత్‌లో, అంటే ట్యాంకులోని ద్రావణంలో, సల్ఫ్యూరిక్ ఆమ్లం దండిగా ఉంటుంది. కరెంటును ఎక్కువగా మోసేది ఆ ఆమ్లమే, కాబట్టి ద్రావణంలో విద్యుత్ క్షేత్రం బలహీనంగా ఉంటుంది, ఒక ఎద్దు బలహీనపడే అవకాశమే రాదు. గురుత్వం మాత్రం పోదు. ఎయిర్ ఆజిటేషన్ (గాలి ఊది కలపడం) సరిగ్గా ఉందా, పైపు రంధ్రాలు పూడుకుపోయాయా అన్నది చూడండి. మెరుపు కోసం కలిపే బ్రైటెనర్ మార్చడం తర్వాతి సంగతి.

ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్ళు కింద ఒక రకంగా, పైన ఒక రకంగా ఎందుకు ఉంటాయి?

అది నీళ్ళు కాదండీ, పలుచటి సల్ఫ్యూరిక్ ఆమ్లం. చార్జింగ్ అవుతున్నప్పుడు రెండు రకాల ప్లేట్ల నుంచీ ఆమ్లం బయటికి వస్తుంది. అది నీటికంటే బరువు కాబట్టి ప్లేట్ల వెంబడి జారి అడుగుకు చేరుతుంది. పొడవాటి ట్యూబులర్ బ్యాటరీల్లో ఈ బెడద ఎక్కువ. కరెంటు ఎక్కువగా పోని ఏరియాల్లో బ్యాటరీ ఎప్పుడూ కొద్దిగా వాడి, కొద్దిగా నింపడంతోనే సరిపోతుంది. అడుగున ఆమ్లం పేరుకుంటూ పోతుంది, ప్లేట్ల కింది భాగం చెడుతుంది, ద్రవం సాంద్రత చూపే హైడ్రోమీటరు మాత్రం పైనున్న పలుచటి ద్రవాన్ని కొలిచి తప్పు లెక్క చెప్తుంది. అప్పుడప్పుడు పూర్తిగా, గ్యాస్ బుడగలు వచ్చేదాకా చార్జ్ కానిస్తే ఆ బుడగలే అంతా కలిపేస్తాయి. గాలి ఆడే చోట చేయండి, నిప్పు తగిలితే ఆ వాయువు మండుతుంది. డిస్టిల్డ్ వాటర్ పోసిన వెంటనే హైడ్రోమీటరు పెట్టి బ్యాటరీ పోయిందని కంగారు పడేవాళ్ళు మా బ్లాకులోనే ముగ్గురున్నారు. పోసిన నీరు ఇంకా పైనే తేలుతూ ఉంటుంది.

ఫోన్‌లోని లిథియం బ్యాటరీని తలకిందులు పెడితే ఏమైనా తేడా ఉంటుందా?

ఉండదు. అందులో ఎలక్ట్రోడుల మధ్య దూరం పాతిక మైక్రాన్ల స్థాయిలో, అదీ రంధ్రాల పొర లోపల. మందం ఘనం లెక్క గుర్తుంది కదా, గురుత్వానికి అక్కడ చోటు లేదు. కానీ లిథియం ముళ్ళు ఎలా పెరుగుతాయో కంటితో చూడడానికి ల్యాబులో మిల్లీమీటర్ల సందున్న గాజు సెల్ కడతారు. అందులో గురుత్వం దర్జాగా తిరిగి వస్తుంది. ఆ గాజు సెల్లులో చూసినదాన్ని ఫోన్ బ్యాటరీకి అతికించేటప్పుడు ఈ తేడా మర్చిపోకూడదు.

కరెంటు వల్ల ద్రావణం వేడెక్కుతుంది కదా, ఆ వేడి?

వేడి కూడా సాంద్రత మారుస్తుంది. అయితే నీటిలో వేడి ఉప్పుకంటే వంద రెట్లకు పైగా వేగంగా పరుచుకుంటుంది, కాబట్టి చిన్న సెల్లులో సాధారణంగా తేడా నిలవదు. పెద్ద సెల్లులో, ఎక్కువ కరెంటు దగ్గర మాత్రం లెక్కలోకి తీసుకోవాలి.

అగార్ జెల్ వేస్తే గొడవ వదిలిపోతుందా?

గురుత్వం గొడవ వదిలిపోతుంది. అయితే జెల్ దారాల మీద ఆవేశం ఉంటే ఆ సన్నని రంధ్రాల గుండా ఎలక్ట్రోఆస్మోసిస్ నడుస్తూనే ఉంటుంది. గోడలు తగ్గలేదు, ఇంకా పెరిగాయి.

బెంగళూరు ఎత్తులో ఉంది కదా, ఇక్కడ గురుత్వం తక్కువా?

తక్కువే, కానీ ఆ తేడా వెయ్యింటికి అర వంతు కూడా కాదు. మీ రీడింగులు సరిగ్గా రాకపోవడానికి అది కారణం కాదు. గైడ్‌కు ఇది చెప్పకండి.

ఇంట్లో చూడడానికి వీలుందా?

ఉంది. మైలుతుత్తం ఎరువుల దుకాణంలో దొరుకుతుంది, బోర్డో మిశ్రమానికి రైతులు వాడేది అదే. అర లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో చిన్న చెంచాడు వేయండి. కుళాయి నీరు వద్దు, బోరు నీరు అసలే వద్దు, మడ్డి వస్తుంది. రెండు రాగి తీగల చివర్లను చిన్న చుట్టలుగా చుట్టి, మిగతా తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉంచండి. ఒక చుట్ట గాజు సీసా అడుగున, ఇంకోటి పైన ఉండాలి. బెంగళూరు ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో చవకగా దొరికే మల్టీమీటరు, చిన్న వేరియబుల్ రెసిస్టర్, ఒకటిన్నర వోల్టుల టార్చి సెల్ వరసగా కలపండి.

ముందు అడుగు చుట్టను రుణ ధ్రువానికి కలపండి. సీసా వెనక గీతలున్న కాగితం పెట్టి చూస్తే, ఎండలో తారు రోడ్డు మీద గాలి వణికినట్టు గీతలు వణుకుతాయి. పై చుట్ట నుంచి ముదురు నీలం దారాలు దిగుతాయి. తర్వాత తీగలు మార్చండి. వణుకు అణగిపోతుంది, అడుగు చుట్ట చుట్టూ నీలం పేరుకుంటుంది, మీటరులో కరెంటు తగ్గుతూ పోతుంది. బుడగలు కనిపిస్తే రెసిస్టర్ తిప్పి కరెంటు తగ్గించండి, లేకపోతే అవే అన్నిటినీ కలిపేస్తాయి.

మైలుతుత్తం విషం. పిల్లలకు అందనివ్వకండి, తాగే గ్లాసు వాడకండి, మిగిలినదాన్ని మొక్కలకు గానీ కాలువలో గానీ పోయకండి. ఇలా చూసేది గురుత్వం ప్రవాహం మాత్రమే. విద్యుత్ సుడులు కావాలంటే పలుచటి సెల్, మైక్రోస్కోప్ ఉండాలి.

మైక్రోస్కోప్‌లో సుడులు కనిపించాయి. ఏది ఏదో ఎలా చెప్పాలి?

మొదట సెల్ తిప్పండి. సుడులు పోతే గురుత్వం, అలాగే ఉంటే కరెంటు, పొట్టిగా మారితే రెండూ.

రెండోది, కరెంటు ఆపి చూడండి. విద్యుత్ తోపు ఆగిన మరుక్షణం ఆ సుడి ఊపిరి పోతుంది. మిల్లీమీటరు సెల్లులో స్నిగ్ధత దాన్ని ఒక సెకను లోపే నిలిపేస్తుంది. బరువు తేడా మాత్రం ఉప్పు వ్యాపించి సమానమయ్యేదాకా పోదు, కాబట్టి గురుత్వం సుడి నిమిషాల తరబడి నింపాదిగా తిరుగుతూ ఉంటుంది. స్విచ్ ఆపి వీడియో తీయడం ఇంకో అర నిమిషం పని. దాదాపు ఎవరూ చేయరు. స్విచ్ ఆపగానే రికార్డింగ్ కూడా ఆపేస్తారు.

మూడోది, సందు సగానికి తగ్గించి మళ్ళీ చేయండి. గురుత్వం బలం ఎనిమిదో వంతుకు పడిపోతుంది.

ఇంకొక జాగ్రత్త. నీటి కదలిక చూడడానికి వేసే ప్లాస్టిక్ రేణువులకు కూడా ఆవేశం ఉంటుంది. క్షేత్రంలో అవి నీటితో సంబంధం లేకుండా వాటంతట అవే ప్రయాణం చేస్తాయి, కొన్ని నీటికంటే బరువై అడుగుకు దిగుతాయి కూడా. కాబట్టి సెల్ మధ్యలో, సుడులకు దూరంగా, అవి ఎంత వేగంతో పోతున్నాయో ముందు కొలిచి పెట్టుకుని, తర్వాత సెల్ మధ్యలో వచ్చిన రీడింగుల్లోంచి దాన్ని తీసేయండి; ఉప్పు ఖాళీ అయిన పొరలో క్షేత్రం ఇంకా బలంగా ఉంటుంది, అక్కడ ఈ లెక్క సరిపోదు.